హెలా

దైతారీ, ఈ రాత్రికి షాపు నీది.
తాళం గళ్లాపెట్టె కింద ఉంది,
టార్చికి కొత్త బ్యాటరీలు వేశాను.
తెల్లారి బస్సుకి నేను సాలూరు పోతున్నాను,
చెవి డాక్టరు ఆదివారం ఒక్కరోజే వస్తాడట.

సుంకిలో మంచు దిగితే లారీ కనబడదు.
ముందు హారను వస్తుంది, వెనక లైట్లు, ఆఖర్ని మనిషి.
ఆ మనిషి తొందరలో ఉంటాడు.
దమన్‌జోడిలో లోడు లేటు, విశాఖలో ఓడ ఆగదు,
"గన్ను పెట్టి ఓ బర్రు కొట్టేయరా బాబూ" అంటాడు.
కొట్టకు.

ముందు హబ్బు మొహం చూడు.
తుప్పు పొలుసులుంటే వైరుబ్రష్షుతో గీకు.
పొలుసు మీద బిగించిన చక్రం
పొలుసు రాలగానే వదులు.
అది రాలేది మన కళ్లముందు కాదు,
ఘాటీలో మూడో మలుపు దగ్గర.

మరలకి నూనె రాయకు,
నూనె కొలతకి అబద్ధం నేర్పుతుంది.
నట్టు చేత్తోనే ఎక్కించు.
వేళ్లకి తిరగని నట్టు గన్నుకీ తిరుగుతుంది,
మరలు కోసుకుంటూ తిరుగుతుంది.

పది స్టడ్లు. ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదుటిది.
పొట్టంగి సంతలో మీ అమ్మ అల్లం మూట కట్టడం చూశాను,
ఈ కొస, దాని ఎదుటి కొస, మళ్లీ ఈ పక్క.
నెత్తికెత్తినా మూట వంకరపోలేదు.
నీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

పాత టాటా బండైతే ఎడం పక్క నట్లు
ఎడ్డెమంటే తెడ్డెం,
బిగించే వైపు తిప్పితే ఊడతాయి.
స్టడ్డు కొస మీద 'ఎల్' అని ఉంటుంది, లైటేసి చూడు.
పందొమ్మిదేళ్లప్పుడు నేను చూడలేదు.
రెంచీకి పైపు తొడిగి, పైపు మీదెక్కి గెంతాను.
స్టడ్డు తెగింది, పైపు లేచింది,
ఈ ముందు పన్ను అప్పుడు పోయిందే.

గన్ను ఆనించడానికి మాత్రం. ఆనగానే వదిలెయ్.
దానికి ఎంత అన్న మాట రాదు,
ఇంకా అన్న మాటొకటే వచ్చు.
స్టడ్డు ఇనుమే గానీ సాగుతుంది,
సాగినట్టు నీకు చెప్పదు.

ఆ ఏడు వానల్లో
ఓ వెనక చక్రం లారీ కంటే ముందు లోయలోకి దిగిపోయింది.
డ్రైవరు బతికాడు. రాయి మీద కూచుని
ఏడు అగ్గిపుల్లలు గీశాడు, బీడీ అంటుకోలేదు.
తెగిన స్టడ్లు ఏరుకొచ్చాను,
అదిగో, మేకుకి వేలాడే ఆ డబ్బాలో ఉన్నాయి.
ఎవరు బిగించారో అడక్కు.

ఆ తర్వాతే కొన్నాను ఈ పొడుగు రెంచీ,
విజీనారంలో, వాయిదాల మీద.
ఏ బండికి ఏ గీతో గోడ మీద సుద్దతో రాశాను.
పెద్దవాటికి ఆరువందలు.
పనయ్యాక గీత కిందికి దించి పెట్టెలో పడుకోబెట్టు,
స్ప్రింగుకీ నిద్ర కావాలి.

మెల్లిగా లాగు, గుంజకు.
టిక్కుమంటుంది.
వచ్చిన కొత్తలో నువ్వది విని
"హెలా" అన్నావు, అయిందని.
నీకు చెప్పలేదు గానీ, నాకు వినబడలేదురా.
ముప్పై ఏళ్లు గన్ను నా చెవి పక్కనే అరిచింది,
చిన్న చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే తినేసింది.
అరచేతిలో కాస్త అదురు, అదే నా టిక్కు.
పుష్యమాసం చలికి వేళ్లు మొద్దుబారితే అదీ లేదు.
అందుకే ఈమధ్య రెంచీ లాగుతూ
నీ మొహం చూస్తున్నాను.
నీ పెదాలు కదులుతాయి. ఆపేస్తాను.

టిక్కన్నాక మళ్లీ లాగకు,
అది బలం కాదు, అపనమ్మకం.
డ్రైవరు ఇంకొంచెం అంటాడు, టీ తాగి రమ్మను.
రామభద్రపురంలో ఆగి నట్లు మళ్లీ చూపించుకోమను.
వింటాడో వినడో, నువ్వు చెప్పు.

సొరుగులో రెండు దూది ఉండలున్నాయి.
గన్ను పట్టినప్పుడు చెవుల్లో పెట్టుకో.
రెంచీ పట్టినప్పుడు తీసెయ్.
మర్చిపోతావేమో,
తీసెయ్.